కత్తెర పెట్టకూడని చోట

మార్చి 3, సోమవారం
శపథం! డాక్టరమ్మ చెప్పింది తు.చ. తప్పకుండా చేస్తాను. నెలసరి ఆగి ఏడాది దాటింది, ఒళ్లంతా ఆవిర్లు. చెమట కస్టమర్ల బట్టల మీద పడకుండా మెడకు తువ్వాలు చుట్టుకుని మిషను తొక్కుతున్నాను. ఇక చాలు.
రొమ్ము, గుండె, రక్తం గడ్డల సంగతులన్నీ అడిగి, బీపీ చూసి మరీ రాసిచ్చింది. ఈస్ట్రోజన్ పట్టీ: సోమ, గురువారాలు, పొత్తికడుపు మీద అంటించుకోవాలి. ప్రొజెస్టెరాన్ మాత్ర: రోజూ రాత్రి. గర్భసంచి ఉన్నవాళ్లకు పట్టీ ఒక్కటే పనికిరాదట. లోపలి పొర మందమై క్యాన్సర్ దాకా పోవచ్చట. రక్తం కనబడితే వెంటనే చెప్పాలట.

మార్చి 6, గురువారం
రెండో పట్టీ. కాలర్లు బిర్రుగా నిలవడానికి బక్రం గుడ్డ అంటించేదాన్ని, నాకో లెక్కా! ఇస్త్రీపెట్టె ఒక్కటే తక్కువ.

మార్చి 24, సోమవారం
ఆవిర్లు పరారు! తువ్వాలు బీరువాలోకి. వారంగా తిట్టలేదేమిటి, ఒంట్లో బాగాలేదా అని మా ఆయన కంగారుపడ్డారు.

ఏప్రిల్ 3, గురువారం
స్కూలు యూనిఫారాల గుట్ట. మాత్ర వేసుకుంటే పొద్దున్నే మత్తు. నిన్న మానేశాను. ఒక్కరోజుకు కొంపేం మునగదు.

ఏప్రిల్ 14, సోమవారం
బాగా ఆలోచించాను. హాయినిచ్చేది పట్టీ. మాత్ర చేసేదేమీ బయటికి కనబడదు. ఎండాకాలం కోటుకు లైనింగ్ తీసెయ్యమా? ఇదీ అంతే. మాత్ర బంద్.

మే 22, గురువారం
రక్తపు మరక. బరువు ఎత్తానేమో. వేడి చేసిందేమో. డాక్టరమ్మకు చెబితే మాత్ర సంగతి బయటపడుతుంది. చెప్పను. పట్టీ మార్చడం కూడా మర్చిపోయాను.

మే 25, ఆదివారం
ఉతికే బట్టల్లో ఆ మరక వదిన కంటబడింది. మా ఆయన అక్క, మా కొట్లో కాజాలు కుట్టేది. నిజం చెప్పక తప్పలేదు.
"నీ పనితనం చొక్కాల మీద చూపించు, నీ మీద కాదు. రేపు నాతో ఆస్పత్రికి రా" అంది. వదినతో వాదించి గెలిచినవాళ్లు మా ఇంట్లో లేరు.

మే 26, సోమవారం
డాక్టరమ్మ తిట్టలేదు. తిట్టినా బాగుండేది. స్కానింగులో పొరను మిల్లీమీటర్లలో కొలిచారు. ఊరందరి కొలతలు తీసేదాన్ని, నా కొలత మాత్రం రెండుసార్లు చెప్పించుకున్నాను. కాస్త మందంగా ఉందట. చిన్న ముక్క తీసి పరీక్షకు పంపారు. భయంగా ఉంది.

జూన్ 5, గురువారం
ప్రమాదమేమీ లేదట! డాక్టరమ్మ ముందే ఏడ్చేశాను. పట్టీ, మాత్ర, రెండూ మళ్లీ మొదలు. మత్తు సంగతి అప్పుడే చెప్పి ఉంటే మందు మార్చేదాన్ని కదా అంది.
"మీరు కుట్టిన కోటు మీద నేను కత్తెర పెట్టను. ఈ మందులో ఆల్టరేషన్ కావాలంటే మీరూ నా దగ్గరికే రావాలి."
శపథం! రేపటి నుంచి...
వదిన వెనకాల నిలబడి ఇది చదువుతోంది. ఒక చేతిలో మాత్ర, ఇంకో చేతిలో మంచినీళ్ల గ్లాసు.
ఈ రాత్రి నుంచే.