నిలపడతావ్ నాన్నా

సుధా,

నవ్వకుండా విను. మార్చిలో నేను సర్ఫింగ్ నేర్చుకోవడానికి మొరాకో వెళ్తున్నాను. అవును, నేనే. పెళ్ళైన కొత్తలో భీమిలిలో నువ్వు అలల్లో ఆడుతుంటే, నీళ్ళకు భయపడి నీ చెప్పులు పట్టుకుని ఒడ్డున నిలుచున్నవాణ్ణే.

ఇదంతా మన అమ్మాయి పని. నిన్న ప్లేనోలో తనుండే ఇంటి నుంచి వచ్చింది. డైనింగ్ టేబుల్ దగ్గర నీ కుర్చీలో కూర్చుని ల్యాప్‌టాప్ తెరిచింది. నువ్వు పోయాక ఆ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు.

"బిగినర్స్‌కి చిన్న అలలే నాన్నా. ఫస్ట్ బోర్డ్ మీద పడుకుంటావ్. అల వస్తే నిలపడతావ్," అంది.

నిలబడతావ్ అనడం దానికి ఇంకా రాలేదు. చిన్నప్పుడు నువ్వెన్నిసార్లు దిద్దావో! ఈసారి నేను దిద్దాను.

"నిలపడటం అనే మాట లేదమ్మా. పడటం వేరు, నిలబడటం వేరు."

"సర్ఫింగ్‌లో రెండూ ఒకటే నాన్నా," అంది, స్క్రీన్ మీంచి కళ్ళు తిప్పకుండానే.

నీళ్ళలో వేసుకునే వెట్‌సూట్ కోసం నడుము కొలత అడిగితే, నువ్వు ఉన్నప్పటిదే చెప్పాను. అది నన్ను ఎగాదిగా చూసి, రెండు సైజులు తగ్గించి ఆర్డర్ చేసింది.

టికెట్లు కూడా బుక్ చేసేసింది. ధైర్యంగానే ఉన్నాను. ఒక్కటే తేలడం లేదు. నేను నీళ్ళలోకి దిగితే, ఒడ్డున నా చెప్పులు ఎవరు పట్టుకుంటారు?