మిల్క్‌షేక్‌లో నేను కలిపిన చక్కెర

అచ్చంపేట, 2008. రంజాన్ పన్నెండో రోజా, రాత్రి.

కొత్త కోడలు షాహీన్ ఇవాళ ఇఫ్తార్‌కు పుదీనా మిల్క్‌షేక్ చేసింది. కరెంటు పోయేలోపు కావాలని పాలు, ఐసు, పుదీనా ఆకు మిక్సీలో వేసి గబగబా తిప్పింది. రోజాలో ఉంది కదా, రుచి చూడలేదు. తను నమాజుకు వెళ్లగానే నేను చెంచాడు నోట్లో వేసుకున్నాను. చక్కెరే లేదు! కలిపేశాను.

ఉపవాసం వద్దని డాక్టరు అన్న మాట ఇంట్లో ఇంకా చెప్పలేదు. నలభై ఏళ్లలో ఒక్క రోజా విడవని దాన్ని, ఏ మొహంతో చెప్పను? అందరితోపాటు తెల్లారకముందే సహరీ తినడానికి లేస్తున్నాను. మధ్యాహ్నం వంటింటి తలుపు దగ్గరికేసి, మిగిలిన అన్నం దొంగలా తిని మాత్ర మింగుతున్నాను.

ఇఫ్తార్‌లో ఆయన రెండు గ్లాసులు తాగి కోడల్ని మెచ్చుకున్నారు. ఆ పిల్ల మాత్రం నా వైపే చూసింది.

గిన్నెలు కడుగుతూ మెల్లగా అంది: "అమ్మీ, నేను చక్కెర ఎయ్యనే మరిచిన. తాగితే తియ్యగుంది."

నేను వంటింటి తలుపు దగ్గరికేశాను.

"చల్లన్నం తినకున్రి. రేపటి సంది మధ్యాహ్నం జొన్నరొట్టె నేను చేసిస్త. అబ్బాకు తెల్వనియ్య."

తను రోజాలో ఉండి, నాకు రొట్టె కాలుస్తుందట.