బుద్రికి చెప్పని మాట

ఏప్రిల్ 6
డుంబ్రిగుడ సంత. ఎండ మండిపోతోంది. జీపు వెనక మిషను — సూట్‌కేసంత ఉంటుంది, బ్యాటరీ మీదే నడుస్తుంది. గర్భసంచి ముఖద్వారానికి క్యాన్సర్ తెచ్చే హెచ్‌పీవీ వైరస్ ఉందో లేదో గంటలో చెప్పేస్తుంది. పాజిటివ్ వస్తే అక్కడే గుడారంలో చూసి, మచ్చ ఉంటే వేడితో మాడ్చేయొచ్చు. ఇంకోరోజు రమ్మనక్కర్లేదు. దాని గొప్పంతా అదే. పొద్దున్నుంచి మైకులో ఊదరగొట్టింది నేనే.

పసుపు అమ్ముకునే బుద్రి అందరికంటే చివర వచ్చింది. గుడారంలోకెళ్ళి తనే శాంపిల్ తీసుకుని, సిగ్గుపడి నవ్వుతూ నా చేతిలో పెట్టింది.

గంటకి స్క్రీన్ మీద పాజిటివ్.

సరిగ్గా అప్పుడే మొగుడొచ్చి పక్కన నిలబడ్డాడు. "ఏటొచ్చింది మేడమ్?" అంది బుద్రి. కలయిక వల్ల అంటేదని అతని ముందు ఎలా చెప్పను... మా డ్రైవరు హారన్ మీద హారన్. "బేగి రండి మేడమ్, ఘాట్ దిగాల." నోట్లోంచి వచ్చేసింది — "మిషను ఇంకా తేల్చలేదమ్మా. వచ్చే సంతకి రా."

ఏప్రిల్ 7
అతన్ని టీకి పంపాల్సింది. ఎంతసేపు? ఊరికే మొగుడి మీదకి నెడుతున్నాను. నాకు ఇంటికి పోవాలనిపించింది, అంతే.

ఏప్రిల్ 8
ఇదేం క్యాన్సర్ కాదు. అలా మారాలన్నా ఏళ్ళు పడుతుంది. చాలామందికి దానంతటదే పోతుంది కూడా. వారంలో కొంపలేం మునగవు — అని సర్దిచెప్పుకుంటున్నాను. అన్నం సయించడం లేదు.

ఏప్రిల్ 13
సంత బోసిపోయింది. కొండ ఊళ్ళలో ఇటుకల పండగట. మగవాళ్ళు వేటకి, ఆడవాళ్ళు రోడ్ల మీదికి. పండగ అయ్యేదాకా ఎవరూ సంతకి రారు. సాలూరులో పుట్టి, కొండల్ని చూస్తూ పెరిగినదాన్ని. ఆ మాత్రం తెలియక "వచ్చే సంతకి రా" అన్నాను!

ఏప్రిల్ 14
నేనే వెళ్ళాను. వాళ్ళ ఊరి దారికి అడ్డంగా దుంగ. పాటలు, కేకలు. పండగ డబ్బులిస్తేగాని బండి కదలనివ్వరు. దుంగ పట్టుకున్నది బుద్రే. నన్ను చూసి పరుగెత్తుకొచ్చింది.

"మేడమ్, నాకు బాగుందని అమ్మోరికి కోడిని కోసేసినాను!"

"బాగుందని ఎవరు చెప్పారు బుద్రీ?"

"సెడ్డదైతే మీరు సెప్పకుండా ఒగ్గేత్తారా ఏటి?"

చుట్టూ ఆడవాళ్ళు నవ్వుతున్నారు. చెవిలో అన్నాను, "సంతకి నువ్వొక్కదానివే రా, మాట్లాడాలి." ఆమె నవ్వు ఆగిపోయింది. "ఎందుకు?" అంది. వెనక బస్సు హారన్. ఎవరో దుంగ ఎత్తేశారు. జీపు కదిలింది.

దిగాల్సింది. దిగలేదు.

ఏప్రిల్ 20
బ్యాటరీ నిండా ఉంది. గుడారం వేశాం. బుద్రి పసుపు పోసుకునే చోట ఎవరో ఉల్లిపాయలు పరిచారు. పక్కన చింతపండు అమ్మే ముసలమ్మని అడిగాను.

"అది రాదు. మేడమ్ సెవిలో ఏటి సెప్పిందని మొగుడు ఒకటే గొడవంట. దానికే తెల్దు, ఏటి సెప్తాది పాపం?"

తల తిప్పుకున్నాను.

రేపు వాళ్ళింటికి వెళ్ళాలి. ముందు ఆమెకొక్కదానికే చెప్పాలి. సరేనంటే అతనికీ. ఈ వైరస్ ఏళ్ళ తరబడి చప్పుడు చేయకుండా ఉంటుంది, ఎప్పుడు ఎవరి నుంచి వచ్చిందో ఎవరూ తేల్చలేరు, బుద్రి తప్పేం లేదు — ఇదంతా చెప్పగలను. నాకు బాగా వచ్చిన పాఠమే.

"మరి ఆ రోజు మిషను తేల్చలేదన్నారు కదా మేడమ్?" అని అడిగితే...