కాఫీ ఇచ్చి పంపించేరు

మంగళవారం, రాజోలు

మూడో తరగతి సుహాసిని వీపు మీద బెల్టు వాతలు చూసి హెడ్‌మిస్ట్రెస్‌గారికి చెప్పేను. ఆవిడేమో, కొట్టిన ఆ తండ్రినే బడికి పిలిపించి, చర్చిలో సంఘపెద్ద కదాని కుర్చీ వేసి కాఫీ ఇచ్చేరు.

"మా కొత్త టీచరమ్మ కంగారు పడిందండీ, ఏమీ అనుకోకండి" అన్నారు.

"ఆయ్, ఆడపిల్లని భయంలో పెట్టాలి కదండీ" అని అతను నవ్వేడు.

తర్వాత పిల్లనీ పిలిచి అందరి చేతా ప్రార్థన చేయించేరు. నేను కళ్లు మూసుకోలేదు. సుహాసినీ మూసుకోలేదు, నాన్న చేతుల్నే చూస్తోంది. ఆమెన్ అయ్యేక అతని బండి మీదే ఇంటికి పంపించేసేరు. మర్యాదకి మాత్రం మా బడిలో లోటు లేదు.

సాయంత్రం నేనే పిల్లల హెల్ప్‌లైన్‌కి ఫోన్ చేసేను. నా పేరడిగితే చెప్పేను. రేపు వస్తామన్నారు.

ఈ రాత్రికి ఆ పిల్ల అతని ఇంట్లోనే...