పేరు దాచిన కాలేజీ

జూన్ 3, మంగళవారం

దిల్‌సుఖ్‌నగర్ కన్సల్టెన్సీకి వెళ్ళాను. మూడో అంతస్తు. ఆ మెట్లు నాకు తెలుసు. పదకొండేళ్ళు ఎక్కాను. అప్పుడది త్రినాథరావు కోచింగ్ సెంటర్, నేను అక్కడ గ్రూప్స్ పిల్లలకు తెలుగు చెప్పేవాణ్ణి. నేను రాసిన మెటీరియల్ మీద తన ఫోటో వేసుకుని అమ్మాడు. క్లాసులు ఆన్‌లైన్ అయ్యాక ఒక్క ఫోన్‌కాల్‌తో నన్ను మానిపించాడు. ఇప్పుడు అదే గదుల్లో ఉద్యోగాలు వెతికిపెడతాడట.

వాడు కనబడితే లేచి వచ్చేసేవాణ్ణని రాయాలనుంది. అబద్ధం. నాకు అరవై మూడు. జూలైలోగా ఏదో ఒకటి దొరక్కపోతే ఈ ఇల్లు వదిలి, మా ఆవిడ వేదవతిని వాళ్ళ తమ్ముడింట్లో దించాలి. నన్ను ఎక్కడ దించుకోవాలో తెలియదు.

నా పని చూసే అమ్మాయి పేరు జోస్నా. ఇరవై నాలుగేళ్ళుంటాయి. రెజ్యూమె నేను రాసుకెళ్ళింది చదివి, ఇది రెజ్యూమెనా సార్, చార్జిషీటా అంది.

జూన్ 6

జోస్నా ఫోన్. ఎల్బీ నగర్ దిక్కు ఒక డిగ్రీ కాలేజీల లైబ్రరీ అసిస్టెంట్ కావాల్నంట, మీకు మస్తు సెట్ అయితది, కానీ పేరు ఇప్పుడే చెప్పొద్దు సార్, మా రూల్ అంది. ఒక ఫారం మీద సంతకం పెట్టించింది. ఆరు నెలలపాటు వాళ్ళు చూపించిన చోటికి నేరుగా వెళ్ళనని.

పని వివరాలు వాట్సాప్‌లో వచ్చాయి. ఒక ప్లీడరుగారి కుటుంబం ఇచ్చిన నాలుగు వేల తెలుగు పుస్తకాలు సర్ది కేటలాగ్ చేయాలి.

నవ్వొచ్చింది. సరూర్‌నగర్ రామస్వామిగారి పుస్తకాలు. సగం ఆయన దగ్గర అరువు తెచ్చుకుని చదివాను. ఆయన పోయాక వాటిని వ్యాన్‌లోకి ఎక్కించినవాళ్ళలో నేనొకణ్ణి. ఏ కాలేజీకి వెళ్ళాయో నాకెందుకు తెలియదు?

పేరు దాచారు. పుస్తకాలు దాచలేకపోయారు.

జూన్ 7

నాకు ముందే తెలిసిన సంగతి నేను వాడుకుంటే దొంగతనం ఎలా అవుతుంది?

జూన్ 9, సాయంత్రం

జోస్నా గంటన్నర ప్రాక్టీస్ చేయించింది. మీరు గట్ల మొఖం పెడితే ఎవరిస్తరు సార్ జాబు, జర నవ్వుండ్రి అని తిట్టింది. నవ్వాను. వద్దులే సార్, మామూలుగనే ఉండుండ్రి అంది.

తర్వాత గొంతు తగ్గించి చెప్పింది. మా సార్ మీ ఏజ్ చూసి ప్రొఫైల్ ఆపిండు. నేను అడుగుతనే ఉన్న. రెండు దినాలు ఆగుండ్రి.

ఆపాడట. నా జీవితాన్ని రెండోసారి.

ఇంటికొచ్చి వేదవతికి చెప్పాను, రేపో ఎల్లుండో నేరుగా వెళ్తానని. కాలేజీ కట్టే కమీషన్ తప్ప ఆ త్రినాథరావుకి పోయేదేముంది అన్నాను. తను చిక్కుడుకాయలు తుంచుతూ, సంబంధం తెచ్చిన పేరయ్యని తాంబూలాలప్పుడు పిలవకుండా ఉంటామా అంది. ఆ పేరయ్య నా మెటీరియల్ తిన్నాడు అన్నాను. తిన్నవాడు ఆయన, తిరిగింది ఆ పిల్ల కదండీ అంది.

జవాబు చెప్పాను. పెద్ద జవాబే. పొట్టకూటికి మధ్యవర్తి పెత్తనమేమిటని మొదలుపెట్టి చాలా దూరం వెళ్ళాను. చదువుకున్నవాడికి సాకులు తొందరగా దొరుకుతాయి.

జూన్ 11, బుధవారం

వెళ్ళాను. ప్రిన్సిపాల్ యాదలక్ష్మిగారు. రామస్వామిగారి పుస్తకాలు చూసిపోదామని వచ్చానన్నాను. అట్టపెట్టెల్లోనే ఉన్నాయి. తెరుస్తూ ఏది ఎందుకు ముఖ్యమో చెప్పుకుపోయాను. నలభై నిమిషాలు. ఆవిడే అడిగింది, ఇక్కడ పని చేస్తారా అని.

కాలేజీ ఫారంలో ఒక ప్రశ్న: కన్సల్టెన్సీ ద్వారా వచ్చారా? లేదు అన్న చోట టిక్ పెట్టాను. ఆవిడ సంతోషించింది. ఒక నెల జీతం వాళ్ళకి కట్టే పని తప్పిందట. అబద్ధాలు చెప్పేవాళ్ళను మాత్రం నేను ఉంచుకోనండీ అని కూడా అంది. మంచి నియమం అన్నాను.

జూన్ 12

జోస్నా మూడుసార్లు ఫోన్ చేసింది. ఎత్తలేదు. తర్వాత వాయిస్ మెసేజ్. సార్, మా సార్ ఒప్పుకుండు! కొట్లాడిన సార్ మీకోసం. రేపు పంపుతున్న ప్రొఫైల్. నీట్‌గ షేవ్ చేసుకొని రెడీగుండుండ్రి.

రెండుసార్లు విన్నాను.

జూన్ 16

చేరాను. మధ్యాహ్నం త్రినాథరావు ఫోన్ చేశాడు. నా ప్రొఫైల్ పంపితే, ఈయన ఇప్పటికే మా దగ్గర చేరారు అన్నారట.

మాస్టారూ, భలేవారే మీరు అన్నాడు. కోపం లేదు గొంతులో. కాలేజీ పేరు మా జోస్నాయే చెప్పింది కదా, వాళ్ళ నాన్న ఇస్సాకు అక్కడ బస్సు డ్రైవరు, మీ ఇద్దరి మధ్య ఎంతకు కుదిరింది అన్నాడు. ఆ పిల్ల ఏమీ చెప్పలేదు, నేనే కనుక్కున్నాను అన్నాను. అదే ముక్క కాగితం మీద రాసి సంతకం పెట్టండి, పిల్లని ఉంచుతాను అన్నాడు. ఆ కాగితంతోపాటు నేరుగా వెళ్ళనని మీరు మా దగ్గర సంతకం పెట్టిన ఫారం కూడా మీ ప్రిన్సిపాల్‌గారికి చూపించి నా కమీషన్ నేను అడుక్కుంటాను. ఆపైన మీరూ మీరూ చూసుకోండి. లేదంటే శుక్రవారం అమ్మాయి ఇంటికి.

వాడికి తెలుసు నేను రాయనని. నన్ను అంత బాగా చదివినవాడు ఇంకొకడు లేడు.

జూన్ 17

వాడడిగిన ఉత్తరం నాలుగుసార్లు రాశాను. మూడోది బాగుంది. ఒక విశేషణం ఎక్కువైందనిపించి కొట్టేశాను.

జూన్ 18

పంపలేదు.

జూన్ 20, శుక్రవారం

వాడి మెసేజ్. తీసేశాను మాస్టారూ.

లెక్క తేల్చుకున్నాననుకున్నాను. వాడికి పోయింది ఒక కమీషన్. ఇంకో కాలేజీ దగ్గర రాబట్టుకుంటాడు.

వేదవతి ఇవాళ పాయసం చేసింది. ఆ పిల్ల పేరు అడగలేదు. నేనూ చెప్పలేదు.

జూన్ 24

చివరి ట్రిప్పుకి ముందు బస్సు డ్రైవరు లైబ్రరీకి వచ్చాడు. చెప్పులు బయట విప్పాడు. నేను ఇస్సాకును సార్ అన్నాడు. మా బిడ్డ జాబు పోయింది. ఎందుకు పోయిందంటే చెప్తలేదు, పోతే పోయిందిలే డాడీ అంటది. మీరు బాగ సదువుకున్నోళ్ళు, నలుగురు ఎరికుంటరు. ఎక్కడన్న ఒక మాట చెప్పుండ్రి.

రెజ్యూమె ఇచ్చాడు. పాత ఉద్యోగం మానడానికి కారణం అన్న చోట, వ్యక్తిగతం అని ఉంది.

చూస్తాను అన్నాను. ఆయన నా చేతులు పట్టుకున్నాడు.