ముప్పై ఒక్కరి హాజరు

మండల విద్యాధికారి గారి సముఖమునకు,
ఇప్పగుంపు బడిలో వంట చేయు విశ్రాంతమ్మ వ్రాసుకొను అర్జీ.

విషయం: పూర్తి హాజరు ఉండి కూడా పిల్లలకు చదువు రాకపోవుటకు గల కారణము గురించి.

అయ్యా,

మొన్న తమరు తనిఖీకి వచ్చి, "హాజరు ఇంత మంచిగుంది, ఏడో తరగతి పిల్లలకు రెండో తరగతి పాఠం చదువొస్తలేదేంది?" అని హెడ్మాస్టరు షాలేమ్‌రాజు సారును అడిగినారు. గరిటె పట్టుకొని పక్కనే ఉన్న నన్ను ఎవరూ అడగలేదు. కావున అడగకుండానే మనవి చేసుకొనుచున్నాను.

1. మా బడిలో ఫోనుకు ముఖం చూపితే హాజరు పడును. పత్తి ఏరుడు మొదలైనప్పటి నుండి డ్రైవరు తిరుపతి ట్రాలీ ఆటో పొద్దున్నే గేటు ముందు ఆగుచున్నది. "జల్దీ ముఖం చూపిచ్చి పోండ్రి" అని సారే తొందరపెట్టుదురు. ముఖం చూపువారు ముప్పై ఒక్కరు. అందులో ఇరవై ఇద్దరు ట్రాలీ ఎక్కి వాగు అవతలి చేలకు పోవుదురు. మధ్యాహ్నం నేను కడుగునవి తొమ్మిది పళ్లేలు.

2. సారు చెడ్డవారు కారు. పిల్లలు తగ్గితే బడి ఎత్తివేస్తారని ఆయన భయం. తల్లిదండ్రులను తిట్టుటకు నాకు నోరు లేదు. నా కోడలు దవాఖానాలో ఉన్నది, ఆమె బదులు నా మనవరాలు మహిమ పత్తికి పోతున్నది. ఈ పొద్దున దాన్ని ట్రాలీ ఎక్కించినది నేనే. ఇక చదువు ఎక్కడి నుంచి వస్తుంది సారూ?

3. వాగు మీది చప్టా ఒక పక్క కొట్టుకుపోయినది. తుఫాను వస్తుందని, పత్తి తడవకముందే ఏరాలని రైతులు తొందరపడుచున్నారు. ట్రాలీ దాని మీదుగానే పోవుచున్నది. నాకు భయముగా ఉన్నది.

కావున అన్నం వేళ కూడా హాజరు తీయించి, ట్రాలీ గేటు వద్దకు రాకుండా ఆపించునట్లు ఉత్తర్వులు ఇచ్చుటకై ఈ బీదరాలి మొర చిత్తగించవలెను.

తమ విధేయురాలు,
విశ్రాంతమ్మ

తా.క.: పైదంతా పొద్దున వ్రాసినది. మధ్యాహ్నం నుంచి కుండపోత వాన, చప్టా మునిగింది. ఐదున్నర అయింది, ట్రాలీ రాలేదు. తిరుపతి ఫోను కలవడం లేదు. షాలేమ్‌రాజు సారు వాగు ఒడ్డున నిలబడి పిల్లల పేర్లు పెట్టి అరుస్తున్నారు. మండలం ఆఫీసుకు ఫోను చేస్తే ఎవరో కంప్యూటరు చూసి చెప్పాడు: "మీ పిల్లలు ముప్పై ఒక్కరూ బడిలనే ఉన్నరమ్మా, భయపడకు."

నేను బడిలోనే ఉన్నాను సారూ. ఇక్కడ వానకు ఆగిపోయిన తొమ్మిది మందే ఉన్నారు. ఈ కాగితం ఫొటో తీసి మీ ఫోనుకు పంపుతున్నాను. చదువు సంగతి తర్వాత చూద్దాం. ముందు ఆ ఇరవై ఇద్దరికి ఆబ్సెంటు వేయండి. అప్పుడన్నా ఎవరైనా వెతకడానికి వస్తారు.