మా చెల్లె కండ్లార జూశింది

సదన్నకు,

స్వరూప రాస్తున్నది. అమ్మ, నువ్వు, వదిన, పిల్లలు అందరూ క్షేమంగా ఉన్నారనుకుంటున్నాను. అమ్మ మోకాళ్ల నొప్పి ఎలా ఉంది? దవాఖానకు తీసుకుపోతానని పోయిన నెల ఫోన్‌లో చెప్పావు. షాపులో గిరాకీ ఉందని రేపు, ఎల్లుండి అంటూ జరుపుతూనే ఉండి ఉంటావు. తొర్రూరు పెద్దమ్మను అడిగానని చెప్పు. నేను బాగానే ఉన్నాను. తింటున్నాను, పనికి పోతున్నాను, ఒంట్లో బాగానే ఉంది. నా గురించి ఫికర్ పెట్టుకోవద్దని అమ్మకు రెండుసార్లు చెప్పు, ఒకసారి చెబితే నమ్మదు. ఫికర్ పెట్టుకోవాల్సింది నువ్వు. అందుకే ఈ ఉత్తరం.

ఇక్కడ పేరుకు ఎండాకాలం. స్వెట్టర్ లేకుండా బయట కాలు పెట్టలేను. వాన మన వరంగల్‌లోలా దంచికొట్టి పోదు, పొద్దంతా తుంపర పడుతూనే ఉంటుంది. లాండ్రీలో మాత్రం ఆవిరికి చెమటలు కారతాయి. హోటళ్ల దుప్పట్లు ఉతకడం, ఆరబెట్టడం యంత్రాల పని. పెద్ద దుప్పట్లు మడతపెట్టడం మాత్రం ఇద్దరు మనుషుల పని. చెరో అంచు పట్టుకుని దూరంగా నిలబడాలి, ఒకేసారి దులపాలి, ఎదురెదురుగా నడిచి వచ్చి అంచులు కలపాలి. నేను పోలండ్ వచ్చినప్పటి నుంచి, రెండేళ్లుగా, అవతలి అంచు పట్టుకున్నది హలీనా. ఉక్రెయిన్ మనిషి, నాకంటే పదేళ్లు పెద్ద. నాకు ఇక్కడి భాషలో అంకెలు నేర్పింది ఆమె. జ్వరమొస్తే డాక్టర్ దగ్గర నా పక్కన కూర్చున్నది ఆమె. వదిన పంపిన మామిడికాయ తొక్కు రొట్టెకు రాసుకుని, కళ్లలో నీళ్లు పెట్టుకుంటూ తిన్నది కూడా ఆమే. ఆమె లేకపోతే మొదటి చలికాలానికే నేను తిరిగొచ్చేదాన్ని.

పది రోజులుగా మేమిద్దరం ఒకటి రెండు మాటలు తప్ప మాట్లాడుకోకుండా దుప్పట్లు మడతపెడుతున్నాం. అంచులు కలిపే చోట ఆమె ముఖం నాకు జానెడు దూరంలో ఉంటుంది. ఆమె నన్ను చూడదు. దానికి కారణం నువ్వు. మెత్తగా చెప్పడం నాకు చేతకాదు, నీకు అర్థం కూడా కాదు.

ఆ ఫోటో సంగతే. "గక్కడ నిజంగ గంత నాశనమైందా, టీవోళ్లు ఎక్కువ జేసి జూపిస్తాన్రా?" అని నువ్వే అడిగావు. నేను హలీనాను అడిగి, ఆమె పుట్టిన ఇంటి ఫోటో తీసుకుని నీకు పంపాను. నీ ఒక్కడికే. ముందు గోడ లేదు, వంటగది కనిపిస్తుంది, పొయ్యి మీద గిన్నె అలాగే ఉంది. ఆ వంటగదిలో వాళ్ల నాన్న చనిపోయాడని కూడా చెప్పాను. నువ్వు "అయ్యో పాపం" అన్నావు. ఆ అయ్యో పాపం విలువ ఎంతో పది రోజుల కింద తెలిసింది.

టీ తాగుతుండగా మా లాండ్రీ బండి నడిపే నర్సంపేట తమ్ముడు, నరేశ్, ఫోన్ పట్టుకుని ఉరికొచ్చాడు. "అక్కా, మీ అన్న వీడియో మస్తు నడుస్తాంది, జర చూడు!" అన్నాడు. వాడిది అమాయకత్వం, వాడిని ఏమీ అనను. హలీనా నా పక్కనే ఉంది. ఫోన్‌లో మన షాపు గద్దె, దాని మీద నువ్వు, నీ వెనక చీరల బీరువాలు. మధ్యలో ఆమె ఇల్లు. ఎవరో మైకు పట్టుకుంటే నువ్వు చెబుతున్నావు: "గిది రష్యా జేసిన పని గాదు. వాళ్ల బాంబు వాళ్ల మీదనే ఏస్కోని అమెరికాకు ఫోటోలు పంపుతాన్రు. మా చెల్లె గక్కడ్నే ఉన్నది. కండ్లార జూశింది."

కండ్లార జూశిందా? నేను ఆ దేశంలో అడుగు పెట్టలేదు సదన్నా. నేనున్నది పోలండ్‌లో. నేను కళ్లారా చూసింది దుప్పట్లనే.

ఈ మాట నీకెక్కడి నుంచి వచ్చిందో నాకు బాగా తెలుసు. చిన్నప్పటి నుంచి విన్నదే. పాలకుర్తి నుంచి పెళ్లి బట్టలకు వచ్చినవాళ్లు చీర పట్టుకుని సందేహిస్తే చాలు, "మా చెల్లె గిదే తీస్కున్నది, మూడేండ్లాయె, రంగు పోలే" అనేవాడివి. వాళ్లు నా వైపు చూసేవాళ్లు. నేను తలూపేదాన్ని. ఆ చీర నేను ఒక్కనాడూ కట్టలేదు. బజార్లో ప్రతి షాపువాడూ అలాగే అంటాడు, చీర రంగు పోతే ఎవరి ప్రాణమూ పోదు. కానీ నువ్వు అదే గద్దె మీద కూర్చుని, అదే గొంతుతో, ఒక మనిషి చావును అమ్మావు. దానికీ నన్నే సాక్షిగా నిలబెట్టావు. సిగ్గు లేదా?

హలీనా అడిగింది, "మా ఇంటి గురించి ఏమంటున్నాడు?" అని.

నేనేం చేశానో కూడా చెబుతాను, నన్ను నేను వదిలిపెట్టను. "పాపం అని బాధపడుతున్నాడు" అన్నాను. షాపు పిల్లను కదా, మాట తేలిగ్గా వచ్చేసింది. ఆమె తల ఊపింది. సాయంత్రం నరేశ్‌ను అడిగి ఆ వీడియో తన ఫోన్‌లోకి తెచ్చుకుంది, ఫోన్‌తోనే తర్జుమా చేయించుకుంది. మర్నాడు నా ఎదురుగా దుప్పటి పట్టుకుని ఒక్క మాటే అడిగింది: "మా నాన్న పేరు మీ అన్నకు తెలుసా?"

నాకే తెలియదు సదన్నా. రెండేళ్లు పక్కన పని చేసి ఆ పేరు నేనూ అడగలేదు.

ఆమె దేశానికి ఎదురు మాట్లాడినందుకు నీ మీద కోపం అనుకోకు. వాదాలు మా ఇద్దరికీ కొత్త కాదు. "మీ దేశం రష్యా దగ్గర చమురు కొంటోంది, ఆ డబ్బుతోనే మా మీద బాంబులు" అని ఆమె ఒకసారి అన్నది. "మీకు ఆయుధాలిచ్చేవాళ్లు ఇరాక్‌ను నాశనం చేసినప్పుడు మీరెవరైనా ఏడ్చారా?" అని నేను అరిచాను. రెండు రోజులు ముఖాలు తిప్పుకుని, మూడో రోజు ఒకే డబ్బాలో తిన్నాం. నువ్వు వాయిస్ మెసేజ్‌లలో చెప్పేవి అన్నీ తప్పని నేను అనను. పడమటి దేశాలు తమ లాభం చూసుకోకుండా ఎవరికీ సాయం చేయవన్నావు, ఒప్పుకుంటాను. తమ సైనిక కూటమిని రష్యా గుమ్మం దాకా జరుపుకుంటూ వచ్చారన్నావు, దాని మీద వాదించుకోవచ్చు. ఇక్కడి టీవీ కూడా తనకు నచ్చిందే చూపిస్తుంది. బస్సులో నా పక్క సీటు ఖాళీగా ఉన్నా నిలబడి పోయేవాళ్లున్నారు, వీళ్ల మంచితనం మీద నాకు భ్రమలు లేవు. కానీ సైన్యాన్ని సరిహద్దు దాటించి పంపింది ఎవరో హలీనా వాళ్ల ఊళ్లో చిన్నపిల్లలకు కూడా తెలుసు. నీకు తెలియకపోతే తెలియదని చెప్పు. నోరు మూసుకుని బట్టలు అమ్ముకో. చూడనిదాన్ని చూసిందని నా పేరు మీద చెప్పే హక్కు నీకు లేదు.

ఫోన్ చేసి అడిగితే ఏమన్నావో గుర్తుందా? "అరె, గా పోరగాళ్లు మైకు వెట్టిన్రు, మాట్లాడిన. నువ్వు గింత సీరియస్ జేస్తవేందే? నేను గ్రూపులల్ల పెట్టిన ఫోటో తీసేస్త, అయిపాయె. ఎవ్వరికి యాదుంటది?" అన్నావు. పైగా "వ్యాపారుల సంఘం ఎలక్షన్ల నిలవడుతాన్న, ఇప్పుడు తప్పైందంటే ఇజ్జత్ పోతది" అన్నావు. నీ ఇజ్జత్ నీకుంది. వంటగదిలో గిన్నె పక్కన చనిపోయిన మనిషికి లేదా? ఫోటో తీసేస్తే నీ మాట పోదు. అది ఊరంతా తిరుగుతోంది, నా పేరుతో తిరుగుతోంది.

కాబట్టి నాకు కావాల్సింది ఇది. అదే గద్దె మీద కూర్చో. అదే మైకు వాళ్లను పిలువు, రాకపోతే నీ పెద్దోడిని ఫోన్ పట్టుకొమ్మను. "మా చెల్లె చూడలేదు, నేను అబద్ధం చెప్పిన" అను. అమెరికా, రష్యా, చమురు ఏమీ వద్దు. ఆ తర్వాత "ఆ ఇంట్ల చనిపోయిన పెద్దాయన పేరు మికోలా" అను. ఆ పేరు నిన్న హలీనాను అడిగాను. చెప్పింది. బస్సు డ్రైవరట, బాంబులు పడుతుంటే కీళ్లనొప్పులతో సెల్లార్ మెట్లు దిగలేక వంటగదిలోనే ఉండిపోయాడట. అది చెప్పి మళ్లీ దుప్పటి అంచు అందుకుంది. నన్ను క్షమించిందో లేదో నాకు తెలియదు. నేను అడగలేదు.

అమ్మకు నా దండాలు. ఆమె ఆశీస్సులు నాకు ఎప్పుడూ కావాలి. ఈ ఉత్తరం ఆమెకు చదివి వినిపించు, ఒక్క ముక్క దాటేయకుండా. వదినకు నమస్తే, పిల్లలకు ముద్దులు. తొక్కు పంపొద్దని వదినకు చెప్పు, ఉన్నది ముట్టుకోబుద్ధి కావడం లేదు. వానాకాలం, అమ్మను తడి అరుగు మీద కూర్చోనీయకు.

ఏటా ఈ రోజుల్లో నా కవరు వస్తే ముందు రాఖీ తీసి, తర్వాత ఉత్తరం చదువుతావు. ఈసారి కవరు దులిపి చూస్తావేమో, పోస్టోళ్లు పోగొట్టారని వాళ్లను తిట్టకు. నేనే పెట్టలేదు. రాఖీ అల్లాను, నా పెట్టెలో ఉంది. నువ్వు ఆ పేరు పలికిన రోజు పోస్టు చేస్తాను. పున్నమి దాటిపోయినా సరే కట్టుకో. పలకకపోతే, ఉత్త చెయ్యి చూసి ఎవరైనా అడిగితే మాత్రం, మా చెల్లె పంపిందని చెప్పకు.

ఇట్లు,
నీ చెల్లె
స్వరూప